ఖాళీగా వదిలిన కుడి పక్క

జనరల్ మోలోబాలి డెంబెలే ఈ లోకంలో భయపడేది రెండింటికే. ఒకటి భార్య సితాన్ మాట్లాడకుండా కూర్చోవడం, రెండోది డాక్టరు రాసిచ్చిన ఉప్పు లేని పులుసు. కసోలా ఊళ్ళో సరిహద్దు చర్చలు మొదలైన రోజు పొద్దున వాటికి మూడోది తోడైంది. అవతలి దేశం తరఫున వచ్చిన జనరల్ జుమానా కోనే కారు దిగి, తలమీది టోపీ సర్దుకుని, రెండు చేతులతో అతని చెయ్యి పట్టుకుని, "గౌరవనీయులైన జనరల్ గారూ, తమ ప్రయాణం సుఖంగా సాగిందా?" అన్నాడు.

డెంబెలే గుండెల్లో రాయి పడింది.

పక్కనే నిలబడ్డ విదేశాంగ శాఖ పెద్దమనిషి సిదిబె మాత్రం మురిసిపోయాడు. కిందటిసారి ఇదే చర్చల గుడారం ముందు, విలేఖరులందరూ చూస్తుండగా, ఇదే కోనే, "వచ్చావా బొబ్బర్ల బస్తా! గాలి ఇటు వీస్తుంటే నువ్వొస్తున్నావని అప్పుడే తెలిసిపోయింది," అన్నాడు. దానికి డెంబెలే, నా పాలేరు ఎదురొచ్చి కారు తలుపు తియ్యకుండా టోపీ పెట్టుకుని నిలబడ్డాడేమిటని, ఆ టోపీ లాక్కుని తన నెత్తిన పెట్టుకున్నాడు. ఆ రోజు సిదిబెకి తల కొట్టేసినట్టయింది. ఇన్నాళ్ళకి రెండు దేశాలూ మర్యాద నేర్చుకున్నాయని ఇప్పుడతని సంబరం.

మర్యాదట! సిదిబె చదువుకున్నవాడే గానీ, ఆ ఇద్దరి మధ్య మర్యాద ఎంత చెడ్డ శకునమో అతనికెక్కడ తెలుస్తుంది? డెంబెలేలకీ కోనేలకీ తాతముత్తాతల నాటి నుంచీ పరాచికాల వరస. ముక్కూ మొహం తెలియని ఇద్దరు బజార్లో ఎదురుపడి ఇంటిపేర్లు చెప్పుకుంటే చాలు, ఒకడు రెండోవాణ్ణి బొబ్బర్లు మెక్కేవాడంటాడు, రెండోవాడు మొదటివాణ్ణి తన పాలేరంటాడు. కోనేలందరూ డెంబెలేలకు పాలేర్లు, డెంబెలేలందరూ కోనేలకు పాలేర్లు. యజమాని ఎవరన్నది ఇంతవరకూ తేలలేదు, తేల్చుకోవాలని ఎవరికీ లేదు కూడా. ఎంత మాటన్నా కోపం తెచ్చుకోకూడదు. అడిగింది కాదనకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఒకరి నెత్తురు ఒకరు కళ్ళజూడకూడదు. ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. ఉగ్గుపాలతో వచ్చిన సంగతులు.

యుద్ధం సంగతి కూడా ఇక్కడే చెప్పెయ్యాలి, ఎందుకంటే దాని గురించి పెద్ద పెద్దవాళ్ళు పెద్ద పెద్ద అబద్ధాలు చెబుతున్నారు. వీళ్ళిద్దరి గడ్డాలూ ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో, డాలాబా మడుగు ఎవరిదన్న గొడవలో రెండు దేశాలూ సైన్యాలను దింపాయి. ఎండాకాలంలో ఆ చుట్టుపక్కల పశువులకు నీళ్ళు దొరికేది ఆ మడుగులోనే. ఇటు డెంబెలే దళం, అటు ఎవరిదో దళం. తెల్లారగానే దాడి చెయ్యమని రాజధాని నుంచి ఆజ్ఞ. అంతకుముందు సాయంత్రం నీళ్ళకొచ్చిన అవతలి సిపాయి ఒకడు పట్టుబడ్డాడు. మీ నాయకుడెవరురా అంటే, కోనే అని చెప్పాడు. డెంబెలే చేతిలో టీ గ్లాసు సగం దారిలోనే ఆగిపోయింది.

ఏం చెయ్యాలో తోచక అతను చేసిన పని ఒక్కటే. గాడిద మీద బొబ్బర్ల బస్తా ఒకటి వేయించి, నా పాలేరు ఖాళీ కడుపుతో యుద్ధం చెయ్యకూడదని చెప్పమని ఆ సిపాయినే వెంట పంపించాడు. కాసేపటికి గాడిద ఒంటరిగా తిరిగొచ్చింది. బస్తా లేదు గానీ మెడలో ఒక పలుపుతాడు వేలాడుతోంది. నిన్ను నువ్వే కట్టేసుకుని రా, నాకు శ్రమ తగ్గుతుంది అని దాని అర్థం. తెల్లారింది, ఎవరూ దాడి చెయ్యలేదు. శత్రువు బలం అంతుపట్టడం లేదని ఇద్దరూ తమ తమ రాజధానులకు కబురు పంపారు. రాజధానులు విసుగెత్తి సంధికి ఒప్పుకునేదాకా అదే కబురు పంపుతూ పోయారు. ఆ మడుగు దగ్గర ఒక్క ప్రాణం కూడా పోలేదు.

జరిగింది ఇంతే. దీని మీద ఒక విదేశీ ప్రొఫెసరు లావుపాటి పుస్తకమే రాశాడు. మొన్న చలికాలంలో రాజధానిలోని సైనిక పాఠశాల ఆయన్ని పిలిచి, 'యుద్ధ వ్యూహం మీద, యుద్ధానంతర దౌత్యం మీద జనరల్ డెంబెలే ప్రభావం' అని లెక్చరు పెట్టించింది. ఆయన గోడంత తెర మీద ఎర్ర బాణాలు, నీలం బాణాలు గీశాడు. బొబ్బర్ల బస్తా శత్రువును మానసికంగా కుంగదీసే ఎత్తు అన్నాడు. అన్నిటికన్నా గొప్ప ఎత్తు, జనరల్ తన కుడి పక్కను కావాలని ఖాళీగా వదలడం అన్నాడు. కళ్ళెదుట ఖాళీ కనబడితే ఎంత మొండి శత్రువైనా కదలకుండా కూర్చోలేడట, వాణ్ణి కదిలించడమే సగం గెలుపట. నిజానికి కుడి పక్కకు రావలసిన లారీలు ఇసుకలో దిగబడిపోయాయి. డెంబెలే మొదటి వరసలో కూర్చుని ఇదంతా విన్నాడు. లేచి కాదని చెబుదామని ఒక్కసారి కూడా అనిపించలేదు. పొగడ్త చేదుగా ఉందని ఉమ్మేసినవాణ్ణి ఎవరు చూశారు? చప్పట్లు మోగాయి, మెడలో పతకం పడింది, ఇంటికొచ్చి అద్దం ముందు ఇంకోసారి వేసుకుని చూసుకున్నాడు.

ఇక దౌత్యం సంగతికొస్తే, దాన్ని నడిపింది డెంబెలే కాదు, కోనే అక్క వొరోకియా. సంధి అయ్యాక లాయర్లు పటాలు పరుచుకుని నెలల తరబడి కొట్టుకుంటుంటే, కోనే విసిగిపోయి డెంబెలేని సరిహద్దు అవతల నియెంబాలో ఉన్న అక్క ఇంటికి తీసుకుపోయాడు. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచిన మనిషి ఆమె. కింది పెదవిలో పొగాకు పొడి దట్టించి, చేతిలో గరిటెతో, ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి, "ఒరే పాలేరూ, నా తమ్ముడి మీదికి ఫిరంగులేసుకుని వచ్చావట. ముందు తిను, తర్వాత నీ పని చెబుతాను," అంది. గిన్నెడు ఉడికించిన బొబ్బర్లు ముందు పెట్టి, గిన్నె ఖాళీ అయ్యేదాకా ఎవర్నీ సరిహద్దు మాట ఎత్తనివ్వలేదు. అయ్యాక ఆమే తీర్పు చెప్పింది: పొద్దున ఒక దేశం పశువులు తాగాలి, సాయంత్రం రెండో దేశం పశువులు తాగాలి. లాయర్లు ఆ ఒక్క ముక్కనే లావుపాటి ఒప్పందంగా సాగదీశారు. కొన్నేళ్ళకోసారి దాన్ని పొడిగించుకుంటూ వస్తున్నారు. పొడిగించడానికి వచ్చినప్పుడల్లా డెంబెలే ఆ ఇంట్లో బొబ్బర్లు తినాల్సిందే, ఆమె తిట్లు తినాల్సిందే.

ఇప్పుడీ గుడారంలో కోనే ఫైలు తెరిచి, కళ్ళజోడు పెట్టుకుని, సరిహద్దు రాళ్ళన్నీ మళ్ళీ కొలిపించాలన్నాడు. ఆ పని పూర్తయ్యేదాకా పాత ఒప్పందాన్ని పొడిగించే అధికారం తనకు లేదన్నాడు. ఒప్పందం ఆ నెలతో ముగుస్తుంది. ముగిస్తే ఎండాకాలంలో మడుగు చుట్టూ పశువులకు బదులు తుపాకులు నిలబడతాయని గుడారంలో ఉన్న ప్రతివాడికీ తెలుసు. నోట్లో బొబ్బర్లు ఉన్నాయా, మాట అంత మెల్లగా వస్తోందేమిటని డెంబెలే ఒక రాయి విసిరి చూశాడు. కోనే పెదవులతో మాత్రమే నవ్వాడు.

"తమకు వినబడకపోతే మైకు తెప్పిస్తాను," అన్నాడు.

ముప్పొద్దులా తిట్టే మనిషి అలా మాట్లాడుతుంటే డెంబెలేకి ఒప్పందం గుర్తు రాలేదు, మడుగు గుర్తు రాలేదు. ఈ వయసులో తనను పాలేరని పిలిచేవాడు ఇంకెవడున్నాడు? అందరూ జనరల్ గారనేవాళ్ళే. ఆ ఒక్కడు కూడా పోతే తను ఉత్త జనరల్‌గా మిగిలిపోతాడు.

మధ్యాహ్నం భోజనం మానేసి చెట్టు కింద నిలబడి సితాన్‌కి ఫోన్ చేశాడు. కోనే పొద్దుటి నుంచీ ఎలా ఉన్నాడో చెప్పాడు. ఆమె అంతా విని, వొరోకియా అక్క నలభయ్యో రోజుకి మీరు వెళ్ళారు కదా అని అడిగింది. అక్క చలికాలం మొదట్లో పోయింది. పోయిన రోజే పూడ్చారు, కబురు అందేసరికి అంతా అయిపోయింది. దానికి ఎవరూ ఏమీ అనుకోరు. అందుకే కదా అయినవాళ్ళందరూ వచ్చే నలభయ్యో రోజు ఉన్నది. అప్పుడు సితాన్ కూతురి కాన్పుకి సముద్రం ఒడ్డు ఊరికి వెళ్ళి ఉంది. మొగుడికి ఆ మాత్రం తెలియదా అనుకుంది.

"పూలు పంపాను," అన్నాడు డెంబెలే. "శాఖ తరఫున. పెద్ద చక్రం. రిబ్బను కూడా ఉంది."

అవతల నుంచి మాట లేదు. అతను భయపడేవాటిలో మొదటిది వచ్చేసింది.

"అక్క ఏమన్నా రాయబారా, పూలు పంపడానికి?" అంది సితాన్ చివరికి. "కోనేల ఇంట్లో మనిషి పోతే మీరు వెళ్ళి గుమ్మానికి అడ్డం పడుకోవాలి. నన్నడక్కుండా నా పాలేరమ్మను ఎలా పూడ్చారని తగువు పెట్టుకోవాలి. ఆమె నడక నడవాలి, ఆమె తిట్లు తిట్టాలి. ఏడ్చేవాళ్ళను నవ్వించే హక్కు ఆ ఇంట్లో ఉన్నది మీకే. అది మానేసి పూలు పంపారంటే, నేను మీకు పరాయివాణ్ణని చెప్పి పంపినట్టే. ఆయన పరాయివాడితో మాట్లాడినట్టే మాట్లాడుతున్నాడు. ఇందులో ఆయన తప్పేముంది?"

"సరిహద్దు దాటాలంటే ముందుగా తెలియజేయాలన్నారు శాఖవాళ్ళు. పైగా ఆ రోజు లెక్చరు ఉంది," అని గొణిగాడతను.

"ఎవరి మీద?"

డెంబెలే ఫోన్‌ని ఆ చెవి నుంచి ఈ చెవికి మార్చాడు. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. గరిటె పట్టుకుని తన నెత్తిన నిలబడి, ఇంకో గిన్నె తింటేగాని కదలనివ్వనని బెదిరించిన మనిషి మట్టిలోకి పోతే, తను మెడలో పతకం వేయించుకుంటూ కూర్చున్నాడు. అక్క మీద దుఃఖం అతనికి అప్పుడు, ఆ చెట్టు కింద, ఇన్ని నెలలు ఆలస్యంగా వచ్చింది.

మధ్యాహ్నం చర్చలు మర్నాటికి వాయిదా పడ్డాయి. కోనే ఎప్పట్లాగే నియెంబాలో అక్క ఇంటికి వెళ్ళిపోయాడు. డెంబెలే తిన్నగా బజారుకు పోయి ఒక నీలం రంగు ఆడవాళ్ళ చుట్టుబట్ట, తలగుడ్డ, కర్రగరిటె బేరమాడాడు. ఎవరికని అడిగింది దుకాణం ఆవిడ. నాకేనన్నాడు. ఆవిడ అతన్ని కింది నుంచి పైదాకా చూసి, అయితే వెడల్పుది ఇస్తానంది.

కారు దగ్గర సిదిబె అడ్డొచ్చాడు. సరిహద్దు దాటాలంటే ముందుగా రాసి తెలియజేయాలండీ, జవాబు రావడానికి వారమైనా పడుతుంది అన్నాడు.

"యుద్ధానికి వెళ్ళినప్పుడు కూడా చెప్పి వెళ్ళలేదయ్యా," అని డెంబెలే కారెక్కాడు.

అవతలి కాపలావాడి ఇంటిపేరు కూడా కోనేయే కావడం అతని అదృష్టం. పేరు వినగానే, ముసలి పాలేరు తప్పిపోయి ఇన్నాళ్ళకి ఇల్లు చేరుతున్నాడని నవ్వి అడ్డుకర్ర ఎత్తాడు. ఆ ఒక్క మాటకే డెంబెలేకి ప్రాణం లేచొచ్చింది. కానీ దారి పొడుగునా దిగులు తగ్గలేదు. కోనే తిట్టినా ఫరవాలేదు, తలుపు మొహాన వేసినా ఫరవాలేదు. మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిస్తేనే కష్టం. అలా బిగుసుకున్న మనిషిని కదిలించడం ఎలా? మడుగు పక్కన ఒకప్పుడు తన లారీలు దిగబడిన ఇసుక కనబడ్డప్పుడు మాత్రం మీసాల కింద చిన్నగా నవ్వుకున్నాడు.

నియెంబా చేరేసరికి పొద్దు వాలుతోంది. వాకిట్లో ఆడవాళ్ళు రోట్లో జొన్నలు దంచుతున్నారు. కోనే చూరు కింద పొట్టి పీట మీద కూర్చుని టీ తాగుతున్నాడు. డెంబెలే ముందు చూసింది మాత్రం కోళ్ళగంపను. దాని మీద మూతగా ఒక గుండ్రటి ఇనుప చట్రం ఉంది, దానికి తమ దేశపు రంగుల రిబ్బను పీలిక ఇంకా వేలాడుతోంది. పూలు మేకలు తినేసినట్టున్నాయి. ఆ పూల వల్ల సుఖపడ్డవి మేకలే.

చుట్టుబట్ట నడుముకి బిగించి, తలగుడ్డ కట్టుకుని, కింది పెదవి ముందుకు తోసి, గరిటె ఎత్తి పట్టుకుని అతను వాకిట్లోకి అడుగుపెట్టాడు. కుడి కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు.

"జుమానా! పొద్దు గూకింది, కాళ్ళు కడుక్కున్నావా? జనరల్ అయితే మట్టి అంటదనుకున్నావా? ఆ టీ ఎన్నో గ్లాసది? పక్క తడిపావంటే ఉతికేది నేనే కదా."

రోకళ్ళు ఆగిపోయాయి. ఒక కోడలు నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో ఆమెకే తెలియలేదు. డెంబెలే ఆగకుండా పోయి గుమ్మానికి అడ్డంగా పడుకుని, నన్నడక్కుండా నా పాలేరమ్మను ఎలా పూడ్చారు, తీసి చూపించండి, లేకపోతే తాంబూలంలా కోలా కాయలు పెట్టి నన్ను బతిమాలండి, అప్పటిదాకా ఈ ఇంట్లోకి ఒక్క కోడి కూడా పోవడానికి వీల్లేదని అరిచాడు.

కోనే తల ఎత్తలేదు. "లేవండి జనరల్ గారూ," అన్నాడు మెల్లగా. "తమ బట్టలు మాసిపోతాయి."

ఆ మాట డెంబెలేకి తూటాలా తగిలింది. అక్క పెద్ద కూతురు చెయ్యిచ్చి లేపింది. లేచినవాడు వెళ్ళిపోకుండా మళ్ళీ వాకిట్లో నడవడం మొదలుపెట్టాడు. కుడి కాలు ఈడుస్తూ రోలు దాకా వెళ్ళాడు, కుడి కాలు ఈడుస్తూ తిరిగొచ్చాడు. ఆడవాళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. పెద్ద కూతురు ఏదో చెప్పబోయి ఆగిపోయింది. అతను మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. కోనే దవడ బిగుసుకుంది. గ్లాసు కింద పెట్టాడు, తీశాడు, మళ్ళీ కింద పెట్టాడు.

"ఎడమ," అన్నాడు.

"తమరు ఏమన్నా సెలవిచ్చారా?"

"అక్కది ఎడమ కాలు."

"కుడి," అన్నాడు డెంబెలే నడుస్తూనే. "నా పాలేరమ్మ ఏ కాలు కుంటేదో నాకు తెలీదా?"

కోనే విసురుగా లేచాడు. గ్లాసు దొర్లిపోయింది. "ఎడమరా, దున్నపోతా! నన్ను చంకనేసుకుని గట్టు మీంచి పడితే విరిగిన కాలు అది. నాకు దెబ్బ తగలకూడదని ఆ పక్కకి పడింది. నాకు చెబుతావా నువ్వు? నీ మొహానికి ఆ నడక కూడా రాదు. ఇలా చూడు." అని ఎడమ కాలు ఈడుస్తూ, ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని, వంటింటి దాకా నడిచాడు. అచ్చం అక్కే నడిచినట్టుంది. వంటింటి గోడ దగ్గర ఆగిపోయాడు. వెనక్కి తిరగలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి.

"ఆ రోజు బొబ్బర్ల కుండ మూత తియ్యనివ్వలేదురా నేను," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "ఆ పాలేరు వెధవ వచ్చేదాకా ఎవరూ తినొద్దన్నాను. సాయంత్రానికి పూలొచ్చాయి."

ఆ ఇంట్లో డెంబెలేకి ఏడ్చే హక్కు లేదు, ఏడ్చేవాళ్ళను నవ్వించే హక్కే ఉంది. తలగుడ్డ కొసతో గబుక్కున ముక్కు తుడుచుకున్నాడు. "తప్పయిపోయిందిరా," అన్నాడు. "ఆ రోజు నా మీద లెక్చరు పెట్టారు. వింటూ కూర్చున్నాను."

"ఏమన్నారు అందులో?"

"నేను మహా తెలివైనవాణ్ణన్నారు."

కోనే ఇటు తిరిగాడు. చెంపలు తడిగా ఉన్నాయి. నీలం చుట్టుబట్ట, గరిటె, తలగుడ్డ కింద నుంచి బయటికొచ్చిన తెల్ల గడ్డం, అన్నీ తీరిగ్గా చూశాడు. "చెప్పినవాడు కూడా బొబ్బర్లు బాగానే మెక్కి ఉంటాడు," అన్నాడు. ముందు ఆ కోడలు నవ్వింది, తర్వాత ఇల్లంతా నవ్వింది. పెద్ద కూతురు ఏడుస్తూనే లోపలికి పోయి పొయ్యి మీద కుండ పెట్టింది. బొబ్బర్లు ఉడికేదాకా ఆ ఇద్దరు ముసలి జనరళ్ళూ వాకిట్లో ఒకరి వెనక ఒకరు కుంటుతూ తిరిగారు. డెంబెలే నడకలో తప్పులు పట్టడం కోనేకి అన్నం తిన్నంత తృప్తిగా ఉంది.

మర్నాడు గుడారంలో రాళ్ళు కొలిచే మాట ఎవరూ ఎత్తలేదు. కోనే సంతకం పెట్టి, కలాన్ని డెంబెలేకి ఇస్తూ, పాలేర్లకు వేలిముద్ర చాలు గానీ సరే కానివ్వమన్నాడు. సిదిబె తల పట్టుకున్నాడు.

సాయంత్రం డెంబెలే సితాన్‌కి ఫోన్ చేసి పూసగుచ్చినట్టు అంతా చెప్పాడు. ఆమె మధ్యలో ఆపింది.

"ఏ కాలు ఈడ్చారన్నారు?"

"కుడి."

"అక్కది ఎడమ కదా?"

"తెలుసు," అన్నాడు డెంబెలే. "కుడి పక్క కావాలనే ఖాళీగా వదిలాను."